లండన్ యూస్టన్ స్టేషన్, మా నాన్న అడిగిన గార్డు కథ

హాయ్ అండీ అందరికీ, ఇవాళ లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్తున్నా, టికెట్ 32 పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు 3,700, అదీ ముందే బుక్ చేశా కాబట్టి. చూడండి ఈ జనం, అందరూ తలెత్తి బోర్డు వైపే చూస్తున్నారు కదా, ఇక్కడ ప్లాట్‌ఫాం నంబరు ఆఖర్లో గానీ వెయ్యరండీ, వెయ్యగానే ఒకటే పరుగు. మన దగ్గరైతే ఎస్-4 ఎక్కడ ఆగుతుందో కూలీ కూడా చెప్తాడు. టీ 400 రూపాయలు, అల్లం లేదు ఏం లేదు, సరే వదిలేయండి.

మా నాన్న కాజీపేటలో గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు, అక్కడి గార్డుల మీద వీడియో పెట్టమ్మా అని ఒకటే పోరు. ఈ స్టేషన్‌లో ఒకాయన పేరుతో ఫలకం ఉంది, ఆస్క్విత్ జేవియర్, కరీబియన్‌లో డొమినికా దీవి ఆయనది, 1958లో వచ్చి... అయ్యో నంబరేశారు, ఆగండాగండి!

హమ్మయ్య, సీటు దొరికింది. ఆ, రైల్వేలో పోర్టర్‌గా చేరి లండన్‌లోనే మేరిల్‌బోన్ అనే ఇంకో స్టేషన్‌లో గార్డయ్యాడు, 1966లో అక్కడ పని తగ్గిపోతోందని యూస్టన్‌కి అప్లై చేస్తే నల్లవాళ్ళని తీసుకోం అన్నారు. అన్నది పెద్దాఫీసర్లు కాదండీ, ఇక్కడి స్టాఫ్ కమిటీ, అందరూ యూనియన్ మెంబర్లే! ఫోన్లో చెప్తే నాన్న "యూనియనోళ్ళేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు, సర్వీసంతా చందా కట్టిన మనిషి కదా, బాధేసింది పాపం. కానీ జేవియర్ తరఫున నిలబడిందీ యూనియన్ మనిషే, మేరిల్‌బోన్ బ్రాంచి సెక్రటరీ జిమ్మీ ప్రెండర్‌గాస్ట్, విషయం బయటపెట్టాడు, రవాణా మంత్రి బార్బరా కాజిల్ దాకా వెళ్ళింది. జులై 15న ఆ నిషేధం తీసేశామని రైల్వే ప్రకటించింది. జాతి వివక్ష కూడదని 1965లోనే చట్టం వచ్చింది గానీ అది హోటళ్ళు, బస్సుల్లాంటి చోట్లకే, ఉద్యోగాలకి 1968లో గానీ వర్తించలేదు.

ఆయన యూస్టన్‌లో డ్యూటీ ఎక్కింది ఆగస్టు 15న, అవును మన ఆగస్టు 15నే! బెదిరింపు ఉత్తరాలొచ్చి పోలీసు కాపలా కూడా పెట్టాల్సొచ్చిందట. ఇప్పుడు ఈ రైల్లో టికెట్ చూసినాయన మన సర్దార్జీనే, తలపాగాతో, నాకైతే సొంత మావయ్యని చూసినట్టే అనిపించింది, ఈ వారంలో నాతో నవ్వుతూ మాట్లాడింది ఆయనొక్కడే మరి.

నాన్న ఇంకో డౌటడిగారు, జేవియర్ గారి లైన్ బాక్సు, అదే గార్డు డ్యూటీ సామాన్ల పెట్టె, బ్రేక్‌వ్యాన్ దాకా, అంటే రైల్లో గార్డు ఉండే పెట్టె దాకా, ఎవరు మోసేవాళ్ళని. అక్కడ అసలు లైన్ బాక్సులుండేవా? తెలిసినవాళ్ళు కామెంట్లో పెట్టండి, లేకపోతే రేపు పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేస్తారు.