దాడి ఒకటే అయినా కోలుకోవడం అందరికీ ఒకలా ఎందుకు ఉండదు?

[కెమెరాకు ఎదురుగా]

లైంగిక దాడి జరిగిన మహిళతో మనం ఎక్కువగా అనే మాట "ధైర్యంగా ఉండు". సరే, ఆమె ధైర్యం తెచ్చుకుని చెప్పింది. వినేవాళ్ల కళ్లకు ఆమె ఎవరు? ఏ రంగు, ఏ భాష, ఏ పని? కోలుకోవడం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ఆమె మొదటిసారి నోరు విప్పినప్పుడు ఎదుటి మనిషి నమ్మితే ఒక దారి, "అక్కడికెందుకెళ్లావ్, అరవలేదేం" అంటే ఇంకో దారి. ఇలా తప్పు తమ మీదే వేయించుకున్నవాళ్లలో పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య) లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనలు చాలాసార్లు తేల్చాయి. (అన్నట్టు, భయంతో ఒళ్లు బిగుసుకుపోయి గొంతు పెగలకపోవడం శరీరం తనంతట తాను చేసే పని, అది ఒప్పుకోవడం కాదు.)

ఈ నమ్మకమే అందరికీ సమానంగా దొరకదు. నల్లజాతి మహిళ ఏడవకపోతే "వాళ్లు గట్టివాళ్లు, తట్టుకుంటారు" అంటారు, కోపంగా మాట్లాడితే గొడవ మనిషంటారు. సెక్స్ వర్కర్ అయితే దాడి అన్న మాటే నవ్వులాట. ట్రాన్స్ మహిళ అయితే డాక్టర్ ప్రశ్నలు జరిగినదాన్ని వదిలేసి ఆమె ఒంటి మీదకు మళ్లుతాయి.

[స్క్రీన్ మీద: 1989]

అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్‌షా ఆ ఏడాది దీనికి ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు పెట్టారు. ఆడమనిషిగా ఒక వివక్ష, జాతి వల్ల ఇంకొకటి అని విడివిడిగా లెక్కేస్తే ఆ రెండూ కలిసే చోట నిలబడ్డ మనిషి ఎవరికీ కనపడదు. 1991లో ఆమె రాసిన వ్యాసంలో ఒక ఉదంతం ఉంది. భర్త చంపుతానంటే కొడుకును తీసుకుని ఇల్లు వదిలి వచ్చిన లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళకు షెల్టర్‌లో చోటివ్వలేదు, కారణం ఆమెకు ఇంగ్లీష్ సరిగా రాదని!

బధిర మహిళకు సైగల భాష తెలిసిన మనిషి ఇంట్లోవాళ్లే అయితే, దాడి చేసింది ఆ ఇంట్లోవాడే అయితే, ఆమె మాటను బయటికి చేర్చేదెవరు? వీసా భర్త చేతిలో ఉన్న మహిళకు ఫిర్యాదంటే దేశం వదలాల్సి వస్తుందన్న టెన్షన్. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులేమో దాడి జరిగిన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఈ భయాలన్నీ తీరేదాకా ఆ గడియారం ఆగదు.

ఇంకొకటి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. దాడి చేసినవాడు తన సమాజం వాడే అయినప్పుడు, పోలీసులు మామూలుగానే ఆ సమాజాన్ని వేధిస్తుంటే, ఆమె నోరు విప్పితే "మనవాణ్ణి వాళ్లకి అప్పజెప్పావ్" అంటారు, విప్పకపోతే లోలోపలే కుమిలిపోవాలి. ఇటు చూసినా అటు చూసినా ఆమెకు మిగిలేది ఒంటరితనమే.

కౌన్సెలింగ్‌లోనూ ఇదే తంటా. "దాడి అయిపోయింది, ఇప్పుడు నువ్వు క్షేమం" అన్న నమ్మకం మెల్లగా కలిగించడం వైద్యంలో ఒక భాగం. రోజూ రోడ్డు మీదో ఆఫీసులోనో అవమానం ఎదురయ్యే మహిళ విషయంలో ఆ మాట సగమే నిజం. ఆమె ఉలిక్కిపడటాన్ని మొత్తం జబ్బు ఖాతాలో రాసేస్తే, ఇప్పటికీ ఆమెను భయపెడుతున్నవాళ్లు లెక్కలోకే రారు.

అయితే ఏ జాతి, ఏ భాష అన్న అదే గుర్తింపు ఆసరా కూడా అవుతుంది. తన భాషలో, తనలాంటి మహిళల మధ్య కూర్చున్నప్పుడు "మా వాళ్లు ఇలా ఎందుకంటారంటే..." అని మొదటి నుంచి విప్పి చెప్పాల్సిన పని ఉండదు, నేరుగా ఆ రాత్రి దగ్గరే మొదలుపెట్టొచ్చు.