మీ బోరులో నీళ్ళెంత లోతున ఉన్నాయి?

శ్రోతలందరికీ నమస్కారం. ఊరు బాగుందా లేదా ఎలా కొలుస్తాం అంటే ఆదాయం అంటారు, చదువంటారు, ఆరోగ్యం అంటారు, అన్నీ నిజమే గానీ నాకిచ్చిన టైమ్ తక్కువ, అందుకని ఇవాళ ఒక్క కొలత గురించే చెప్తాను. బోరులో నీళ్ళెంత లోతున ఉన్నాయి. అంతే.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రాజెక్టు మొదలైంది, భూగర్భజలాల్ని రైతులే చూసుకోవాలని, పొట్టిపేరు ఏపీఫామ్స్. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్, అన్నీ బోర్ల మీద బతికే కరువు జిల్లాలే, వాటిల్లో 600 పైచిలుకు ఊళ్ళు. డబ్బు నెదర్లాండ్స్‌ది, సాయం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది, ఊళ్ళో తిరిగింది స్వచ్ఛంద సంస్థలు. కానీ కొలిచింది మాత్రం రైతులే. మళ్ళీ చెప్తున్నా, రైతులే, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ.

ప్రాజెక్టు నడిచినన్నాళ్ళూ పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు వదిలేవాళ్ళు, కొసన ఉన్న ముక్క నీళ్ళకి తగలగానే పైన బీప్ మనేది, ఆ లోతు పుస్తకంలో, ఊళ్ళో బోర్డు మీద రాసేవాళ్ళు. వాన పడితే వర్షమాపకం చూసి మిల్లీమీటర్లు రాసేవాళ్ళు. బోరు ఎంత పోస్తుందో కూడా కొలిచేవాళ్ళు, దీనికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు, బకెట్టూ గడియారమూ చాలు. మామూలుగా మనం రెండించుల నీళ్ళు పోస్తోందండీ అంటాం కదా, అలా కాకుండా 20 లీటర్ల బకెట్టు 10 సెకన్లలో నిండితే గంటకి 7,200 లీటర్లు. కరెంటు ఏడు గంటలుంటే రోజుకి 50,400. ఈ లెక్క ఒకసారి చేతికొచ్చాక వరి మడి వైపు అదే కళ్ళతో చూడలేరు, ఎందుకంటే పంటకాలం మొత్తానికి మడిలో 1,200 మిల్లీమీటర్ల ఎత్తున నీళ్ళు కావాలనుకుంటే ఎకరా వరికి దాదాపు 48 లక్షల లీటర్లు, అదే వేరుశనగకి 500 వేసుకుంటే 20 లక్షలు.

ఇక అసలు సంగతి రబీ ముందు జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసేవాళ్ళు. వానలకి భూమిలోకి ఎంత ఇంకింది, ఖరీఫ్‌లో ఎంత తోడాం, మిగిలిందెంత, ఈసారి ఎవరెవరు ఏం వేద్దామనుకుంటున్నారు, వాటికి ఎంత కావాలి. అంతా అందరి ఎదురుగా, పైకి చెప్పి రాసేవాళ్ళు. లోటొస్తే లోటని రాసేవాళ్ళు. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ వరి వెయ్యొద్దని అనలేదు, సబ్సిడీ ఇస్తామని ఆశ పెట్టలేదు, జరిమానా లేదు. ఇంటికెళ్ళి ఎవరికి వాళ్ళు ఆలోచించుకునేవాళ్ళు. చాలామంది తక్కువ నీళ్ళతో పండే ఆరుతడి పంటలకి మారారు, వరి తగ్గించారు, 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భజలాల రిపోర్టులో కూడా దీన్ని మెచ్చుకుంటూ రాశారు.

కొత్త బోరుకి పర్మిషన్ తీసుకోవాలని 2002 నుంచే వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ఉంది. చట్టం వద్దని నేననను. కానీ ఎక్కడో ఆఫీసు ఫైల్లో ఉన్న అంకెకీ, పక్కింటాయనే కొలిచి ఊళ్ళో బోర్డు మీద రాసిన అంకెకీ చాలా తేడా ఉందండీ. బోర్డు మీద అంకె తప్పనిపిస్తే వెళ్ళి అడగొచ్చు, పదండి మళ్ళీ కొలుద్దాం అనొచ్చు. ఫైలుతో ఆ పోట్లాట కుదరదు.

మరి మీ ఊళ్ళో మొదలెట్టాలంటే? భూగర్భజల శాఖ వాళ్ళనో, పనిచేసే సంస్థ ఏదైనా ఉంటే వాళ్ళనో పిలిచి ఒకసారి నేర్పించుకోండి, నాలుగైదు బోర్లు ఎంచుకోండి, ఎప్పుడూ అవే బోర్లు కొలవండి. ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు, మోటారు ఆడుతుండగా కొలవకండి, అప్పుడు నీళ్ళు బాగా కిందకి దిగిపోయి ఉంటాయి, ఆ అంకె పనికిరాదు. పొద్దున్నే మోటారు వెయ్యకముందు కొలవండి. రాత్రి పూట కరెంటిచ్చే ఊరైతే మోటారు ఆపి ఎన్ని గంటలైందో అంకె పక్కనే రాయండి. ఉంటానండీ.