కార్డు మీద లేని వచనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాపలున్నాయి.

నేను పాస్టర్ని కాదు, బైబిలు కాలేజీలో చదువుకున్నవాణ్ణీ కాదు. ఏళ్ల తరబడి ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక అందరం కూర్చుని ఒక అధ్యాయం చదువుకుంటాం, ఆ అలవాటు వల్ల నాకు తెలిసొచ్చిన నాలుగు మాటలే చెప్తాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం ఒక బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని తీస్తాం, ఏం వచ్చిందో చూసుకుని బీరువాకో ఫ్రిజ్జుకో అంటిస్తాం. అది తప్పని నేను అనను, మా అమ్మ బైబిల్లో పాత కార్డులు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని తీసెయ్యడానికి నాకు చేతులు రావు. కానీ కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది, దాని పైనా కిందా ఉన్నవి పట్టవు. దేవుడు మనకి దారి చూపించేది చాలాసార్లు ఆ పట్టని వచనాల్లోనే అని నేను నమ్ముతున్నాను.

యిర్మీయా 29:11 చూడండి, ఈ గదిలో సగం మంది ఇళ్లల్లో ఉంటుంది. మిమ్మల్ని గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావు అని. పిల్లకి సీటు రావాలన్నా, కొడుక్కి వీసా రావాలన్నా ఆ వచనమే పట్టుకుంటాం. అసలు అది ఒక ఉత్తరంలోది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త లేచి రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పేశాడు, జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా మాత్రం 70 ఏళ్లు అన్నాడు, పదకొండో వచనానికి ఆనుకుని పదో వచనంలోనే ఉంది చూడండి. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి సొంతూరు చూడకుండానే కన్నుమూసి ఉంటారు! మరి వాళ్లు అప్పటిదాకా ఏం చెయ్యాలి? అది అయిదో వచనం నుంచి ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని తీసుకుపోయి పెట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది.

కనిగిరి వైపు నుంచి, పామూరు వైపు నుంచి హైదరాబాదు, బెంగుళూరు పోయి భవనాల పనుల్లో ఉన్న మన పిల్లలకి ఫోన్లో ఏ వాక్యం చెప్తున్నాం మనం? "దేవుడు త్వరలో మంచి చేస్తాడు" అనే కదా. ఆ ఊళ్లో పక్క గదిలో ఉన్నవాడి క్షేమం కూడా చూడు నాయనా, అది కూడా వాక్యమే అని ఎప్పుడన్నా చెప్పామా?

నా సంగతి ఒకటి చెప్తాను. మా ఇంటి పని జరిగే రోజుల్లో మా అమ్మాయి చదువుకి అప్పు తీసుకోవాలా వద్దా అని నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. రోజూ అదే ప్రార్థన, ప్రభువా ఒక వాక్యం ఇవ్వు అని. ఆ శనివారం మేస్త్రీకి డబ్బులిచ్చాను గానీ ఇద్దరు ఆడకూలీలకి సోమవారం ఇస్తానన్నాను. డబ్బు లేక కాదు, చిల్లర తెచ్చుకోవడానికి బద్ధకం. ఆ రాత్రి వరసలో వచ్చింది లేవీయకాండము 19వ అధ్యాయం. పొలం కోసేటప్పుడు ఓరలు, అంటే అంచులు, బీదల కోసం వదిలెయ్యమని ఉంది, అబద్ధమాడొద్దని ఉంది, పదమూడో వచనంలో కూలివాడి కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదు అని ఉంది. చదువుతున్నది మా అమ్మాయి. తను ఆ వచనం చదివి మామూలుగా ముందుకెళ్లిపోయింది, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

నేను అడిగింది అప్పు తెచ్చుకోవడం గురించి, వాక్యం నన్నడిగింది నేను పడ్డ బాకీ గురించి. బండి తీసుకుని వాళ్ల పాలేనికి పోయేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆ తల్లి తలుపు తీసి "ఏందయ్యా, ఈ యాళప్పుడు వచ్చినారు" అని భయపడింది. డబ్బులు చేతిలో పెడితే ముందు కొడుకుని పిలిచి, కొట్టు కట్టేస్తాడు పరిగెత్తు అని పంపింది. ఆ పిల్లోడు దేనికి పరిగెత్తాడో నేను అడగలేదు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

అప్పు సంగతికి ఏ వచనమూ సూటిగా జవాబివ్వలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆలోచన చెప్పేవాళ్లు లేనిచోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయని సామెతలు 15లో ఉంది కాబట్టి బ్యాంకులో పనిచేసే తమ్ముణ్ణీ, సంఘ పెద్దనీ, మా ఆవిడనీ కూర్చోబెట్టుకుని లెక్క వేసుకున్నాం. వాక్యం చెప్పినట్టు చెయ్యడమంటే అది కూడా. ఒంట్లో బాగాలేనప్పుడూ అంతే, స్వస్థత వాగ్దానం వచ్చిందని షుగరు బిళ్లలు ఆపొద్దు, దయచేసి. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడు, కొలస్సయి పత్రికలో పౌలే ఆయన్ని ప్రియమైన వైద్యుడని రాశాడు.

సామెతలు 11:1 చూడండి, "దొంగత్రాసు యెహోవాకు హేయము". పాత తెలుగు అర్థం కావడం లేదని మన పిల్లలు అంటారు, నిజమే, కొన్నిచోట్ల నాకూ కష్టం. కానీ దొంగత్రాసు అర్థం కానిది ఎవరికి? రొయ్యల చెరువు గట్టున కాటా దగ్గర నిలబడ్డ రైతుని అడగండి, పొగాకు బేళ్లు తూకం వేయించుకునే రైతుని అడగండి. మనలో కాటా పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు ఆదివారం కానుక ఎంత వేశారన్నది ఈ వచనం అడగదు.

చదువు రాని అమ్మమ్మలు, తాతలు నన్ను అడుగుతారు, మరి మా సంగతేంది అని. వాళ్లు తలదించుకోవలసిన పని లేదు. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ల పని గుత్తకి తీసుకుని జనానికి కూలి కల్పించాడు. ఆ మట్టి మోసిన వాళ్లలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు బహు తక్కువ. పని ఆగినప్పుడు బోధకులు వాళ్ల మధ్య కూర్చుని మళ్లీ మళ్లీ చెప్పిన యేసు మాట, ప్రయాసపడి భారం మోస్తున్న సమస్త జనులారా నా దగ్గరికి రండి అని. తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ మాట అర్థం చెప్పాలా? 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది వాక్యాన్ని చెవితో విని, నోటితో తిప్పుకుని, కంఠతా పెట్టుకుని బతికారు. ఇప్పుడు ఫోన్లోనే బైబిలు వినొచ్చు. మనవడితో పెట్టించుకోండి, అధ్యాయం మొత్తం వినండి.

వచ్చే ఆదివారం నుంచి బైబిల్లో రూతు పుస్తకం మొదలుపెడదాం. నాలుగే అధ్యాయాలు. కరువొచ్చి ఊరు విడిచి వలసపోయిన కుటుంబం కథ, మన మెట్ట ఊళ్ల వాళ్లకి కొత్త కాదు. మొదటి అధ్యాయం ఇంటి దగ్గర చదువుకుని రండి. భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని తిరిగొచ్చిన నయోమి, ఊరి ఆడవాళ్లతో నన్ను మారా అని, అంటే చేదు అని పిలవండి, దేవుడు నాకు చాలా చేదు చేశాడు అంటుంది. ఆ మాట అన్నందుకు ఆమెని ఎవరన్నా కసిరారేమో వెతకండి.