మళ్ళీ అడగనక్కర్లేని ఉత్తరం: తిరుపతి మేడ మీద నుంచి ఆఫీసు రాతల ముచ్చట

అందరికీ నమస్కారం. మీరు చూస్తున్నది తిరుపతి బాలాజీ కాలనీలో మా అమ్మావాళ్ళ ఇంటి మేడ. దూరంగా వరుసగా వెలుగుతున్నవి తిరుమల ఘాట్ రోడ్డు దీపాలు. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయింది, అంటే నేను ఉద్యోగం చేసే డల్లాస్‌లో ఉదయం పది గంటలు. ఈ ఏడాది మామిడి కాలంలో ఊరికి వచ్చి, కొన్ని రోజులు సెలవు పెట్టి, మిగతా రోజులు ఇక్కడి నుంచే పనిచేస్తున్నాను. ఈ వీడియోలో గుళ్ళూ అంగళ్ళూ చూపించడం లేదు. ఆఫీసులో మనం రోజూ రాసే మెయిళ్ళు, మెసేజీలు, నోట్‌ల గురించి మాట్లాడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చాకే సరైన సందర్భం దొరికింది.

డల్లాస్‌లో ఉన్నప్పుడు సందేహం వస్తే లేచి నాలుగడుగులు వేసి పక్క బల్ల దగ్గర అడిగేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. మా జట్టుతో ముఖాముఖి మాట్లాడేది రాత్రి పూట ఓ గంట మాత్రమే. మిగిలిన పనంతా రాత మీదే నడుస్తుంది. నేను నిద్రపోతున్నప్పుడు నా తరఫున మాట్లాడేది నేను రాసిపెట్టిన నాలుగు వాక్యాలే కాబట్టి, ఆ వాక్యాలు చదివినవారు నన్ను తిరిగి ఏ ప్రశ్నా అడగకుండా పని మొదలుపెట్టగలగాలి. ఆఫీసు రాతకు నాకు తెలిసిన కొలబద్ద ఇదొక్కటే. ఇంగ్లీషు ఎంత గొప్పగా ఉంది, మాటలు ఎంత బరువుగా ఉన్నాయి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

చిన్న విషయంతో మొదలుపెడతాను. ఇక్కడ ఉదయం పది గంటలకు ఒకరు అమెరికాలోని సహోద్యోగికి చాట్‌లో "హాయ్" అని మాత్రమే పంపి ఆగిపోయారనుకోండి. అక్కడ అప్పుడు ముందురోజు రాత్రి పదకొండున్నర. ఆయన పొద్దున ఎనిమిదింటికి చూసి "చెప్పండి" అని జవాబిచ్చేసరికి ఇక్కడ సాయంత్రం ఆరున్నర అవుతుంది, అడిగినవారు ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు. అసలు ప్రశ్న మర్నాడు ఉదయం వెళుతుంది, దానికి సమాధానం ఆ సాయంత్రం వస్తుంది. పలకరింపుతోపాటే ప్రశ్న కూడా రాసి ఉంటే మొదటి సాయంత్రానికే పని అయిపోయేది. పలకరించడం తప్పని నేను అనను, అది మన మర్యాద. పలకరించిన ఆ ఊపిరిలోనే అడగదలచినది అడగడం కూడా మర్యాదే.

ఇక అసలు విషయానికి వస్తాను. మా పిన్ని కూతురు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూసే విభాగంలో పనిచేస్తుంది. జూన్, జూలై నెలల్లో ఆ చుట్టుపక్కల తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్ల పొడవునా నిలబడి ఉంటాయని ఈ జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ కాయల గుజ్జును సూక్ష్మక్రిములు లేని సంచుల్లో నింపి, ఒక్కొక్కటి సుమారు 215 కిలోలు పట్టే ఇనుప డ్రమ్ముల్లో పెట్టి, చెన్నై రేవు నుంచి విదేశాలకు పంపుతారు. పోయిన ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు, "అక్కా, ఈ మెయిలు ఒకసారి చూడవా, రెండుసార్లు పంపినా వాళ్ళు జవాబే ఇవ్వలేదు" అని ఫోన్ నా చేతికిచ్చింది. కొనుగోలుదారు న్యూజెర్సీలో ఉన్నాడు. మెయిలు ఇంగ్లీషులో ఉంది, సారాంశం తెలుగులో చెబుతాను.

మొదటి పేరా కుశల ప్రశ్న. రెండో పేరాలో ఈ ఏడాది వానలు, కాయల రాక, లారీల కొరత. మూడో పేరాలో ఓడ కంపెనీ బుకింగ్ మార్చిన వైనం. నాలుగో పేరా చివర, "కావున సరుకు 04/07న బయలుదేరే అవకాశం ఉంది, దయచేసి సహకరించగలరు" అని ఉంది. పెళ్ళి పత్రికలో వంశవృక్షమంతా ముందు వేసి ముహూర్తాన్ని ఆఖరి పేజీ అడుగున అచ్చువేసినట్టుంది అది. రాసినదాంట్లో అబద్ధం లేదు, అమర్యాద లేదు, వ్యాకరణ దోషం కూడా లేదు. చదివినవాడు ఏం చెయ్యాలో మాత్రం అందులో లేదు.

ఏం కావాలి నీకు అని అడిగాను. ఆమె క్షణం కూడా తడుముకోకుండా, "ఎల్‌సీలో సరుకు ఓడెక్కాల్సిన ఆఖరి తేదీ జూన్ 30 అని ఉందక్కా, దాన్ని జూలై 10 దాకా వాళ్ళ బ్యాంకుతో పొడిగించమనాలి, శుక్రవారం లోపల అయిపోవాలి" అంది. ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, కొనుగోలుదారు తరఫున అతని బ్యాంకు అమ్మినవారికి ఇచ్చే చెల్లింపు హామీ పత్రం. ఇంత స్పష్టంగా నోటితో చెప్పిన అమ్మాయి రాతలో అదంతా దాచేసింది. చాలామంది విషయంలో జరిగేది ఇదే. మనసులో ఉన్న మాట తెలుగులో తేటగా ఉంటుంది, అది ఆఫీసు ఇంగ్లీషులోకి దిగేసరికి మొహమాటం తెర దించుతుంది. అందుకే నేను మొదట తెలుగులో, పైకి, రెండు వాక్యాల్లో చెప్పుకుంటాను: ఎవరు, ఏం, ఎప్పటిలోగా చెయ్యాలి. ఆ రెండు వాక్యాలనే మెయిల్లో మొదట పెడతాను.

ఈ తేదీ అంత ముఖ్యమెందుకో కూడా చెప్పాలి. లెటర్ ఆఫ్ క్రెడిట్ వ్యవహారాలు చాలావరకు యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమావళి ప్రకారం నడుస్తాయి. అది 2007 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బ్యాంకు కాగితాలను మాత్రమే పరిశీలిస్తుంది, సరుకుతో దానికి సంబంధం లేదు. గుజ్జు అమృతంలా ఉన్నా సరే, ఓడ రసీదు మీద తేదీ ఎల్‌సీలోని ఆఖరి తేదీ దాటితే, ఆ లోపం చూపి బ్యాంకు డబ్బు చెల్లించకుండా ఆపవచ్చు. తేదీ పొడిగించమని తన బ్యాంకును కోరవలసింది కొనుగోలుదారే. కనుక ఆ ఒక్క విన్నపం అతని కంట పడటం మీద ఫ్యాక్టరీ డబ్బు ఆధారపడి ఉంది. రాత అంటే ఇక్కడ అలంకారం కాదు, నేరుగా డబ్బు.

ఇద్దరం కూర్చుని తిరగరాశాం. విషయం గడిలో "ఎల్‌సీ సవరణ కావాలి, జూన్ 20 శుక్రవారం లోపల" అని పెట్టి, పక్కన ఆర్డరు నంబరు వేశాం. మొదటి వాక్యం: మీ 80 డ్రమ్ముల కంటైనరు జూన్ 28కి బదులు జూలై 4న చెన్నై నుంచి బయలుదేరుతుంది. రెండో వాక్యం: ఎల్‌సీలో ఓడెక్కించే ఆఖరి తేదీని జూలై 10కి పొడిగించమని మీ బ్యాంకును కోరి, సవరణ ప్రతిని మాకు పంపగలరు. మూడోది: ఈ మార్పు వల్ల ధరలో, నాణ్యతా ప్రమాణాల్లో ఎలాంటి తేడా లేదు. ఓడ బుకింగ్ ఎందుకు మారిందో ఆ తర్వాత ఒక్క వాక్యం. చివర క్షమాపణ, కృతజ్ఞత. వానల పేరా తీసేశాం. అది ఆమె పడిన కష్టమే, నాకు తెలుసు, కానీ చదివేవారికి దానితో పనిలేదు.

ఒకచోట మా ఇద్దరికీ వాదన జరిగింది. "ఇంత సూటిగా రాస్తే పొగరు అనుకోరా అక్కా?" అని ఆమె బాధ. ఈ భయం నాకు బాగా తెలుసు. పెద్దల ముందు అసలు మాట చివర చెప్పడం మనకు అలవాటు. కానీ గౌరవం మాటల పొడవులో ఉండదు. రోజుకు వంద మెయిళ్ళు చదివే మనిషి సమయాన్ని కాపాడటం కూడా ఆయనను గౌరవించడమే. అలాగని అమెరికాలో కొందరు రాసినట్టు పేరు, పలకరింపు, కృతజ్ఞత ఏవీ లేకుండా ఒక్క ముక్క విసిరేయడాన్ని నేను మెచ్చుకోను. మన పలకరింపు మనం ఉంచుకోవచ్చు, దానికి ఒక్క వాక్యం చాలు.

పైగా అసలు మాట ముందు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. మా చిన్నాన్న మండల రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఈ చర్చంతా విని ఆయన అన్నారు: "అమ్మా, మా అర్జీల్లో 'ఆర్యా' తర్వాత మొదటి గీతే 'విషయము', దాని కిందే 'సూచిక'. సర్వే నంబరు, గ్రామం, మండలం అక్కడే రాకపోతే ఆ కాగితం ఏ బల్ల దాటి ముందుకు పోదు." ఈ రోజుకీ సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళి చూస్తే, బయట కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్ళు మొదట అడిగేది ఊరు, సర్వే నంబరు, ఏం కావాలి అనే మూడే. మెయిల్లో విషయం గడిని ఖాళీగా వదిలే ఇంజినీర్లు వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోవచ్చు.

తిరుమలకు వెళ్ళినప్పుడు ప్రాకారం గోడల మీది శాసనాలు చూస్తే కూడా నాకు ఇదే అనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి స్వామిని దర్శించి నవరత్న కిరీటాన్నీ, హారతికి 25 వెండి పళ్ళేలనూ సమర్పించాడనీ, ఇద్దరు దేవేరులు పాల నైవేద్యానికి బంగారు గిన్నెలు ఇచ్చారనీ మనకు ఇవాళ తెలిసిందంటే, ఎవరు, ఎప్పుడు, ఏం, ఎంత అన్నవి ఆ రాళ్ళ మీద చెక్కబట్టే. సేవలకు దానం చేసిన మరికొందరి శాసనాల్లో ఆ దానంతో ఏ నైవేద్యం జరగాలి, ప్రసాదంలో దాతకు రావలసిన నాలుగో వంతు ఎవరికి చేరాలి అనేవి కూడా ఉంటాయి. రాయించినవాడు రేపు పక్కన ఉండడని తెలిసి రాయించిన రాత అది. మన ప్రాజెక్టు నోట్‌లు కూడా అలాంటివారి కోసమే, ఆరు నెలల తర్వాత చేరే కొత్త ఉద్యోగి కోసం, రాయాలి.

ముఖ్యమైన మాట అడుగున పడితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది కొలంబియా వ్యోమనౌక. 2003 జనవరి 16న అది ఎగిరిన కాసేపటికే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. దాని వల్ల ప్రమాదం ఉందా అని ఇంజినీర్లు తయారుచేసిన ఒక స్లైడు శీర్షిక, పరీక్షల ఫలితాలు భద్రతవైపే మొగ్గుతున్నాయన్న భావం ఇచ్చింది. అదే స్లైడు అడుగున, పరీక్షించిన ముక్క 3 ఘనపుటంగుళాలు, తగిలినది 1,920 ఘనపుటంగుళాలు అని ఉంది. అంటే 640 రెట్లు పెద్దది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక విచ్ఛిన్నమై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ఆ ఒక్క స్లైడు వల్లే అంతా జరిగిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ ప్రాణాపాయ స్థితి ఉందని పైఅధికారి ఆ స్లైడు చదివి గ్రహించకపోవడం అర్థం చేసుకోదగినదేనని అదే ఏడాది ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక రాసింది. నిజం అక్కడే ఉంది, చోటు మాత్రం సరైనది కాదు. చెడ్డ వార్త రాయవలసి వచ్చినప్పుడల్లా నేను ఆ స్లైడును తలచుకుంటాను.

మళ్ళీ మా చెల్లి మెయిలుకు వస్తే, అందులోని 04/07 మనకు జూలై 4. అమెరికా వాడికి అది ఏప్రిల్ 7. నెలను అక్షరాల్లో రాస్తే ఈ గొడవే లేదు. లేదంటే ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు వేస్తే సరిపోతుంది. "రేపు సాయంత్రంలోగా" అన్నా ఇదే చిక్కు. ఎవరి రేపు, ఎవరి సాయంత్రం? గంటతోపాటు ఏ ఊరి గంటో రాయాలి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డల్లాస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా, మిగతా కాలమంతా పదకొండున్నర. మన 12,50,000 చూసి అక్కడివాళ్ళు కామాలు తప్పుపడ్డాయనుకుంటారు కాబట్టి, వాళ్ళకు పంపే పట్టికల్లో 1,250,000 అని వేయడం మేలు.

ఈ మధ్య చాలామంది మెయిళ్ళను ఏఐ పనిముట్లతో రాయిస్తున్నారు. ఇంగ్లీషు జంకు ఉన్నవారికి అది పెద్ద సాయం, నేను కాదనను. అయితే మనం ఏం అడుగుతున్నామో తేల్చుకోకుండా దానికి అప్పగిస్తే, మన సందిగ్ధాన్నే ఇంకా నునుపుగా, ఇంకా పొడవుగా చేసి ఇస్తుంది. ముందు ఆ రెండు తెలుగు వాక్యాలు మన దగ్గర ఉండాలి. ఆ తర్వాత ఎవరి సాయం తీసుకున్నా పర్వాలేదు.

వచ్చే వారం నేను కొన్ని రోజులు పూర్తి సెలవులో ఉంటాను. జట్టుకు ఇచ్చే అప్పగింత నోట్ ఇప్పుడు రాస్తున్నాను, తెర మీద చూపిస్తున్నాను, సంస్థ వివరాలు చెరిపేశాను. మొదటి వరుసలో నేను లేని తేదీలు. రెండో వరుసలో నా బదులు నిర్ణయం తీసుకునేవారి పేరు, ఎంతవరకు తీసుకోవచ్చో ఆ హద్దు. ఆపైన నడుస్తున్న ఒక్కో పనికి మూడేసి మాటలు: ఇప్పుడు ఎక్కడ ఆగింది, తర్వాతి అడుగు ఎవరిది, ఏ తేదీకి. ఫైళ్ళు ఎక్కడున్నాయో లంకెలు. ఏది ఆగినా ఫర్వాలేదో, ఏది ఆగకూడదో కూడా రాశాను, ఎందుకంటే నేను లేనప్పుడు అందరూ తటపటాయించేది అక్కడే. పంపేముందు దీన్ని ఈ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒక సహోద్యోగికి ఇచ్చి, ఇంకా ఏ ప్రశ్న మిగిలిందో చెప్పమంటాను. ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఈ నోట్‌లోనే చేరుస్తాను, విడిగా చాట్‌లో చెప్పను.