నీలి పొగ కనబడగానే బోరు పోయిందనకండి

రావులపాలెంలో విశ్వకర్మ జయంతి నాడు మెకానిక్కుల సభలో చేసిన ప్రసంగం

వేదిక మీది పెద్దలకు, ఉదయాన్నే పనిముట్లు కడిగి పూజకు మోసుకొచ్చిన కుర్రాళ్లకు, వంటల దగ్గరున్న తల్లులకు నమస్కారం. విశ్వకర్మ గురించి పంతులుగారు చక్కగా చెప్పారు. నేను వాల్వు సీళ్ల గురించి, అంటే ఇంజను వాల్వుల కాడల వెంట ఆయిల్ కిందికి జారకుండా ఆపే చిన్న రబ్బరు టోపీల గురించి చెబుతాను. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇది.

బండి వెనకాల నీలి పొగ కనబడితే మనం మొదట అనే మాట ఏమిటి? "బోరు పోయింది, ఇంజను దించాలి." అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని. ఆ మాట అనేముందు పొగ ఎప్పుడు వస్తోందని ఎంతమంది అడుగుతున్నాం? రాత్రంతా నిలబెట్టిన బండి ఉదయం స్టార్టు చేయగానే గుప్పున పొగ వదిలి, కాసేపటికి తగ్గిపోతుందా? గౌతమి వంతెన దాటి జొన్నాడ వైపు యాక్సిలరేటర్ వదిలి దిగి, కింద మళ్లీ తొక్కగానే వస్తుందా? అయితే ముందు అనుమానించాల్సింది సీళ్లను. రబ్బరు గట్టిపడిపోతే పైనున్న ఆయిల్ వాల్వు కాడ వెంట గైడులోంచి, అంటే ఆ కాడ ఆడే గొట్టంలోంచి, జారి సిలిండర్‌లో పడుతుంది. బరువు లాగుతున్నంతసేపూ ఆగకుండా వచ్చే పొగ వేరు, అది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల వైపు చూపిస్తుంది.

సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో చూపే కంప్రెషన్ గేజి పెట్టి చూడండి. తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. మొదటే అన్ని సిలిండర్లలో సరిగా ఉంటే సిలిండర్ల పైనుండే హెడ్డు ఎందుకు దించాలి? చెప్పండి, ఎందుకు దించాలి?

మా చెల్లెలి వరుసైన ఒకామె భర్త పాత ఓమ్ని వ్యానులో పిల్లలను బడికి చేరవేసేవాడు. ఉదయం పూట పొగ వస్తోందని ఒక షెడ్డుకు తీసుకెళితే, గేజి పెట్టకుండానే ఇంజను దించేశారు. సిలిండర్ లోపల చెక్కించి బోరు కొట్టించారు, కొత్త పిస్టన్లు వేశారు. ఆమె గాజులు తాకట్టుకు వెళ్లాయి. వ్యాను షెడ్డులో ఉన్నన్నాళ్లూ పిల్లల తల్లిదండ్రులు వేరే బండి మాట్లాడుకున్నారు. చివరికి బండి ఇంటికొచ్చింది, మర్నాడు ఉదయం అదే పొగ! వాల్వు మూత తీసి చూస్తే పాత సీళ్లే ఉన్నాయి. గోటితో నొక్కితే గోరు దిగలేదు, పటకారుతో పట్టుకుంటే పెంకులా విరిగాయి. ఆ ఇంజనుకు మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు. అంటే ఆరు సీళ్లు. ఆరే! ఇంజను మొత్తం విప్పిన మనిషికి ఆ ఆరింటిని మార్చాలని తోచలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

అవి హెడ్డు దించకుండా, ఇంటి ముందు చెట్టు నీడన మార్చగలిగినవి. కుర్రాళ్లు ముందుకు వచ్చి వినండి. మూత విప్పి, వాల్వులను నొక్కే రాకర్లు తప్పించాలి. వాల్వులను ఆడించే క్యామ్ తీయాల్సిన ఇంజనైతే, మళ్లీ అదే స్థానంలో బిగించడానికి ముందే టైమింగ్ గుర్తులు కలిపి పెట్టుకోవాలి. స్ప్రింగు విప్పితే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది కదా, దాన్ని కింద నుంచి ఆపాలి. పిస్టన్ కొంచెం కిందికి ఉండగా ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు లోపలికి పంపండి, కొస బయట ఉంచండి. తర్వాత ఇంజనును తిప్పే పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి, చేత్తో బిగిసేదాకా తిప్పండి. తాడు వాల్వులను పైకి అదిమి పట్టుకుంటుంది. మన కోనసీమలో చేతికందేది కొబ్బరి తాడు, దాన్ని మాత్రం వాడకండి. పీచు లోపల రాలుతుంది. కంప్రెసర్ ఉంటే గాలి పెట్టీ ఆపవచ్చు, కానీ పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే గాలి ఒత్తిడికి ఇంజను గిర్రున తిరుగుతుంది. స్పానర్ పుల్లీకి వదిలేసి గాలి ఇవ్వకండి, చేతులు దగ్గర ఉంచకండి.

ఇక లాకులు. స్ప్రింగును వాల్వు కాడకు పట్టి ఉంచేవి, స్ప్రింగు అదిమితే వదులయ్యే రెండు చిన్న ముక్కలు. ఒక్కటి ఆయిల్ దిగే రంధ్రంలో పడిందా, అడుగున ఆయిల్ నిలిచే చాంబరు విప్పాల్సిందే. అందుకని ముందే ఆ రంధ్రాలన్నీ శుభ్రమైన గుడ్డతో మూసి, లాకులను అయస్కాంతంతో తీయండి. పాత సీలు లాగేశాక వాల్వు కాడను అటూ ఇటూ కదిపి చూడండి. గైడులో బాగా ఊగుతుంటే కొత్త సీలు ఎక్కువ కాలం నిలవదు, ఆ సంగతి యజమానికి దాచకుండా చెప్పండి. కొత్త సీలుకు ఆయిల్ రాసి, లాకు గాడి అంచు కోయకుండా కాడ కొసకు ప్లాస్టిక్ తొడుగు వేసి, సరిపోయే సాకెట్టుతో నిటారుగా నొక్కండి.

భోజనాల వేళయిందని సైగ చేస్తున్నారు, ఒక్క మాట. వాల్వు స్ప్రింగును అదిమే స్ప్రింగు కంప్రెసర్, కంప్రెషన్ గేజి ప్రతి ఒక్కరూ కొనుక్కోలేరు. మన చందా డబ్బుతో ఒక్కో జత కొని ఈ గదిలో ఉంచుదాం. కావలసినవారు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళతారు, మర్నాడు తెచ్చిస్తారు. నా వంతు ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. కార్యదర్శిగారూ, భోజనాలకు లేవకముందే ఈ తీర్మానం రాయించండి.