బొమ్మ బెల్టు పెట్టుకుంటుంది

(ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వస్తారనుకోలేదు. కింద ఇడ్లీలు పెట్టారని తెలిశాక ఆశ్చర్యం కొంచెం తగ్గిందనుకోండి.

కొత్త కారు కొన్నాక మొదట ఏం చేస్తాం? గుడికి తీసుకెళ్తాం. బానెట్ మీద పసుపూ కుంకుమా, ముందు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పంతులుగారు "పోనివ్వండి" అనగానే కాయలు టప్పున పగులుతాయి. ప్రతి కారుకీ తప్పకుండా జరిగే క్రాష్ టెస్ట్ అదొక్కటే అని క్లాసులో పిల్లలతో అంటుండేవాణ్ణి. ముప్పయ్యేళ్లు ఆటోమొబైల్ పాఠాలు చెప్పాను, ఆ ముప్పయ్యేళ్లూ అదే జోకు. ఈరోజు రెండో టెస్ట్ గురించి మాట్లాడుకుందాం. షోరూమ్‌లో అబ్బాయి "ఫైవ్ స్టార్ సార్" అంటాడే, దాని గురించి.

ముందు ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను. పొడవాటి షెడ్డు. ఒక చివర కారు, ఇంకో చివర పెద్ద కాంక్రీటు దిమ్మె. దిమ్మెకు తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండే అల్యూమినియం పెట్టె బిగించి ఉంటుంది. ఎదురుగా వచ్చే కారు ముందు భాగం నలిగినట్టు అదీ నలగాలని ఆ ఏర్పాటు. కారును కేబుల్‌తో లాగి, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో దానికి గుద్దిస్తారు. కారు వెడల్పంతా తగలదు, డ్రైవర్ వైపు 40 శాతం మాత్రమే తగులుతుంది. ఎందుకో మీకే తెలుసు. సింగిల్ రోడ్డు మీద బస్సును ఓవర్‌టేక్ చేయబోతాం, ఎదురుగా ఇంకో బండి వస్తుంది, ఇద్దరూ ఆఖరి క్షణంలో పక్కకు కోస్తారు. అప్పుడు గుద్దుకునేది మూతి మూతి కాదు, సగం సగం. మొత్తం వెడల్పు మీద పడాల్సిన దెబ్బ ఒక మూల మీద పడుతుంది. కారు పెట్టెకు, అంటే మనం కూర్చునే గదికి, అసలు పరీక్ష అక్కడే.

64 అంటే మనకు పెద్ద వేగంలా అనిపించదు. హైవే మీద 64లో వెళ్తే వెనకవాడు హారన్ కొడతాడు. కానీ లెక్క కడితే, 16 మీటర్ల ఎత్తు నుంచి కింద పడితే నేల తాకేటప్పుడు ఉండే వేగం అది. మన బిల్డింగ్ ఐదంతస్తులు కదా, టెర్రస్ మీంచి అనుకోండి. అక్కణ్ణుంచి పడితే చేతులు అడ్డం పెట్టుకుని ఆపుకోగలం అని ఎవరూ అనుకోరు. కారులో మాత్రం డాష్‌బోర్డు పట్టుకుంటే చాలనుకుంటాం.

గుద్దిన క్షణం నుంచి అంతా అయిపోవడానికి సెకనులో పదో వంతు, కొంచెం అటూ ఇటూ. ఎయిర్‌బ్యాగ్ ఉబ్బడానికి అందులో మూడో వంతు చాలు. మనం కంటిరెప్ప వేసి తీసేలోపు సినిమా అయిపోతుంది.

లోపల మనుషుల బదులు బొమ్మలుంటాయి. డమ్మీలంటారు. ముందు సీట్లలో కూర్చునేది హైబ్రిడ్-3 రకం. జనరల్ మోటార్స్ 1970లలో తయారు చేసింది. 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు, అంటే సగటు అమెరికా మగవాడి కొలతలు. తలలో, మెడలో, పక్కటెముకల్లో, తొడల్లో సెన్సర్లు. ఛాతీ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుపోయిందో, తొడ ఎముక మీద ఎంత బలం పడిందో రాసిపెడతాయి. బొమ్మ ముఖానికి రంగు పూస్తారు. తర్వాత ఆ రంగు ఎయిర్‌బ్యాగ్‌కి అంటిందా, స్టీరింగ్‌కి అంటిందా చూసి తల ఎక్కడ తగిలిందో చెప్తారు. హోలీలో ఎవరు ఎవరికి పూశారో పట్టుకున్నట్టే.

మా ఆవిడ ఎత్తు ఐదడుగులు. సీటు ముందుకు లాక్కుని, స్టీరింగ్‌కి జానెడు దూరంలో కూర్చుని నడుపుతుంది. ఆవిడ కొలతలకు దగ్గరగా ఉండే చిన్న ఆడబొమ్మ కూడా ప్రపంచంలో ఉంది, కొన్ని దేశాల పరీక్షల్లో కూర్చోబెడుతున్నారు. మన ఎదురు ఢీ పరీక్షలో ముందు సీట్లు రెండూ ఆ 78 కిలోల పెద్దమనిషివే. ఇది నాకు నచ్చని విషయం, చెప్పి ముందుకెళ్తున్నాను.

ఇక మన దేశం కథ. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దగ్గర అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను ఇలా గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫీగో, పోలో. అన్నీ ఎయిర్‌బ్యాగ్‌లు లేని బేసిక్ మోడళ్లు. పెద్దల రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లు. అదే ఏడాది నవంబరులో స్విఫ్ట్‌కీ, డాట్సన్ గోకీ కూడా సున్నా. అప్పట్లో ఇళ్లలో, ఆఫీసుల్లో పెద్ద గొడవ. "మా స్విఫ్ట్ పదేళ్ల నుంచి బంగారంలా ఉంది" అని నాతో పోట్లాడినవాళ్లున్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. అన్ని సున్నాలూ ఒకటి కాదు. పోలోలో పెట్టె గట్టిగా నిలబడింది, ఎయిర్‌బ్యాగ్‌లే లేవు. కంపెనీ ఆ మోడల్ అమ్మకం ఆపేసి, రెండు ఎయిర్‌బ్యాగ్‌లతో మళ్లీ పరీక్షకు పెడితే నాలుగు స్టార్లు వచ్చాయి. డాట్సన్ గోలో పెట్టే కూలిపోయింది. ఎయిర్‌బ్యాగ్ పెట్టినా లాభం లేదని పరీక్ష చేసినవాళ్లే అన్నారు. గోడలు కూలే ఇంట్లో మెత్తటి పరుపు వేస్తే ఏం లాభం? అందుకే రిపోర్టులో నేను మొదట వెతికేది స్టార్లు కాదు, బాడీషెల్, అంటే ఆ పెట్టె, "స్టేబుల్" అని రాశారా, "అన్‌స్టేబుల్" అని రాశారా అన్నది. మన పెనుకొండ దగ్గర తయారైన సెల్టోస్‌కి 2020లో మూడు స్టార్లు వచ్చాయి. మూడంటే పాసే కదా అనుకుంటాం. కానీ షెల్ మాత్రం అన్‌స్టేబుల్ అని రాశారు. ఎన్ని ఎయిర్‌బ్యాగ్‌లు అని అడిగేవాళ్లు వందమంది, షెల్ ఎలా ఉందని అడిగేవాళ్లు ఒక్కరు. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లంటే ఆరు ప్రాణాలనుకుంటున్నాం.

పెట్టె గట్టిగా ఉండాలంటే వెంటనే ఒక పెద్దాయన లేస్తారు. "ఇప్పటి కార్లన్నీ రేకు డబ్బాలండీ, అంబాసిడర్ రోజుల్లో ఇనుమంటే ఇనుము" అని. అవును, మీరే. చేయి దించేయండి, అక్కడికే వస్తున్నాను. 2009లో అమెరికాలో బీమా కంపెనీల పరిశోధన సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 నాటి షెవర్లే మాలిబునీ ఎదురెదురుగా గుద్దించింది. పాతది పడవంత కారు, బండ ఇనుము. కొత్తదాని మూతి పచ్చడైంది, లోపల బొమ్మ కాలికి చిన్న గాయంతో బయటపడే స్థితి. పాతదాంట్లో తలుపు తెరుచుకుంది, స్టీరింగ్ మనిషి మీదకొచ్చింది, నిజంగా మనిషే ఉంటే ఆ క్షణంలోనే పోయేవాడు. మూతి నలగాలి. అది నలిగినంతసేపు దెబ్బ మన దాకా రాదు. కూర్చునే గది మాత్రం నలగకూడదు. బెంజ్ కంపెనీ ఇంజినీరు బేలా బారెన్యీ 1950ల మొదట్లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కొబ్బరికాయ చుట్టూ పీచు ఎందుకుందో మనకు ఎప్పట్నుంచో తెలుసు, కారు దగ్గరికొచ్చేసరికి చిప్పే కావాలంటాం.

2014 నాటి గొడవ వృథా పోలేదు. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరు నుంచి అన్ని కార్లకు ఎదురు ఢీ పరీక్షలో పాసవ్వాలని మన చట్టం వచ్చింది. అక్కడ వేగం 56. ఎనిమిది కిలోమీటర్లే కదా తేడా అనకండి, 64లో దెబ్బ శక్తి 30 శాతం ఎక్కువ. "గవర్నమెంట్ పాస్ చేసిందండీ" అనేదానికీ, "ఫైవ్ స్టార్" అనేదానికీ తేడా అందులో ఉంది. 2018 డిసెంబరులో నెక్సాన్ మన దేశపు కార్లలో మొదటి ఐదు స్టార్లు తెచ్చుకుంది. 2023 అక్టోబరు నుంచి మన సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. ఎదురు ఢీ 64, పక్క నుంచి ఢీ 50, స్తంభానికి పక్కవాటుగా 29 కిలోమీటర్ల వేగం. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లలకు 49. ఐదు స్టార్లు రావాలంటే పెద్దల్లో కనీసం 27, పిల్లల్లో కనీసం 41 రావాలి. 2014లో సున్నా తెచ్చుకున్న స్విఫ్ట్ తమ్ముడు డిజైర్ 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు తెచ్చుకుంది. ఫెయిలైన పిల్లాడు డిస్టింక్షన్‌లో పాసైతే మాస్టారికి ఉండే సంతోషం నాకూ ఉంది.

ఇప్పుడు అసలు నేను చెప్పడానికొచ్చిన సంగతి. పిల్లల 49 మార్కులు అన్నాను కదా, అవి ఎలా వేస్తారు? వెనక సీట్లో రెండు చిన్న బొమ్మల్ని కూర్చోబెడతారు. ఒకటి ఏడాదిన్నర పాప, ఇంకొకటి మూడేళ్ల పిల్లాడు. ఇద్దరూ చైల్డ్ సీట్లలో, ఆ సీట్లు కారు చట్రానికి బిగించిన కొక్కేలకు తగిలించి. అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టి ఎవరూ పరీక్ష చేయరు. ముందు కూర్చున్న బొమ్మలు బెల్టు పెట్టుకుంటాయి. "దగ్గరే కదా" అనవు. చీర నలుగుతుందనవు. స్టార్లు వచ్చింది ఆ ఏర్పాటు మొత్తానికి. మనం కొనుక్కొచ్చేది అందులో కారు ఒక్కటే.

పది కిలోల పాపను ఒళ్లో గట్టిగా పట్టుకుంటానంటుంది తల్లి. 64 వేగం సెకనులో పదో వంతులో ఆగితే ఆ పాప చేతుల మీద దాదాపు నూట ఎనభై కిలోల బరువై లాగుతుంది. రెండు సిమెంటు బస్తాలు ఒక్క క్షణం పట్టుకు చూడండి, మూడోది కూడా పెట్టమని అడగను. అది ప్రేమకు సంబంధించిన విషయం కాదమ్మా. పాప ముందు సీట్లో ఒళ్లో ఉంటే ఇంకా ఘోరం. ఉబ్బే ఎయిర్‌బ్యాగ్‌కీ తల్లి ఛాతీకీ మధ్య ఇరుక్కునేది పాపే.

మా మనవరాలు చైల్డ్ సీట్లో మొదటి నెల రోజులూ ఊరంతా వినబడేలా ఏడ్చింది. బంధువులు నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూశారు. ఇప్పుడు అందులో కూర్చోకుండా కారు కదిలితే ఏడుస్తోంది.

పెద్దవాళ్ల వెనక సీటు సంగతి. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీగారు పోయిన ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది. ఖరీదైన కారు. ముందు కూర్చున్న ఇద్దరూ తీవ్ర గాయాలతో బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని, వాళ్లిద్దరే చనిపోయారని పోలీసులు చెప్పారు. ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో బెల్టు లేక పోయినవాళ్లు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవాళ్లు. బెల్టు లేకుండా వెనక కూర్చున్న మనిషి తనొక్కడే పోడు, ముందు సీటును వీపులోంచి గుద్ది అక్కడున్నవాణ్ణీ తీసుకుపోతాడు. అత్తగారు బెల్టు పెట్టుకోవడం ముందు కూర్చున్న అల్లుడికి కూడా అవసరమే. నవ్వండి, నవ్వండి, కానీ లెక్క అదే.

ఇక మన తెలివితేటలు. బెల్టు పెట్టుకోకపోతే కారు బీప్ అంటుందని, ఆ శబ్దం ఆపే ఉత్తుత్తి క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్మారు. 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశిస్తే పదమూడు వేలకు పైగా అలాంటి అమ్మకాల ప్రకటనలు తీసేశారు. క్లిప్పు కొనేంత ఖర్చు పెట్టాడు, బెల్టు ఉచితంగానే ఉంది! డాష్‌బోర్డు మీద ఎడమవైపు వినాయకుణ్ణి అతికిస్తాం. సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీద. అది తెరుచుకున్నప్పుడు స్వామి ఎటు వస్తాడో ఆలోచించండి. విగ్రహం మధ్యలో పెట్టుకోవచ్చు, ఇంకా చిన్నది పెట్టుకోవచ్చు, ఆయనేమీ అనుకోడు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు బిగుతైన కవర్లు తొడిగితే అది చింపుకుని రావాలి, రాకపోవచ్చు.

స్టార్లు పనిచేయని చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే నేను కార్ల కంపెనీ ఏజెంటునవుతాను. రాత్రి హైవే పక్కన లైట్లు లేకుండా ఆగిన లారీ వెనక్కి దూరితే మూతి నలిగే అవకాశమే రాదు. లారీ కింది భాగం ఎత్తులో ఉంటుంది, కారు కిందికి దూరిపోతుంది, తగిలేది అద్దానికీ పైకప్పుకూ. ఆ పరీక్ష స్టార్లలో లేదు. అలాగే 120లో వెళ్లి గుద్దితే దెబ్బ శక్తి 64లో ఉన్నదానికి మూడున్నర రెట్లు. ఫైవ్ స్టార్ కారు కొన్నాక స్పీడు పెంచినవాళ్లను నేను చూశాను, మా ఇంట్లోనే ఒకడున్నాడు. పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నాడు.

చివరగా నా సొంత అవమానం ఒకటి. ఇన్ని పాఠాలు చెప్పినవాణ్ణి, కారు కొన్న వారంలో సీటు కవర్లు వేయించాను. కుట్టినతను వెనక సీటు బకిల్స్ మూడూ కవరు కిందికి నెట్టి చక్కగా కుట్టేశాడు. "కూర్చుంటే గుచ్చుకుంటాయి సార్" అన్నాడు. ఎనిమిది నెలలు నేను గమనించలేదు, అంటే ఎనిమిది నెలలు మా ఇంట్లో వెనక ఎవరూ బెల్టు అడగలేదన్నమాట. ఈ పార్కింగ్‌లో ఉన్న కార్లలో సగం అలాగే ఉంటాయని నా పందెం. ఇడ్లీలు తిన్నాక అందరం కిందికి వెళ్దాం. బ్లేడు నేను తెచ్చాను.