కోరిక వేరు, సుఖం వేరు

శ్రోతలకు నమస్కారం. తాగుడుకో, సెల్‌ఫోనులో ఆడే రమ్మీకో బానిసైన మనిషిని చూసి, అందులో అంత సుఖం ఏముందోనని మనం విసుక్కుంటాం. అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగితే, సుఖం ఎప్పుడో పోయిందని, అయినా మానలేకపోతున్నానని చెబుతాడు. దాన్ని సాకుగా కొట్టిపారేయడం అన్యాయం.

మెదడు నడిమి భాగంలోని కొన్ని నాడీకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. వుల్ఫ్‌రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం చుక్కలు అందిస్తూ ఈ కణాలను పరిశీలించారు. అనుకోకుండా రసం దొరికినప్పుడు అవి చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు వెలుగో శబ్దమో ఒక సూచనగా వస్తుందని కోతి నేర్చుకున్నాక, ఆ స్పందన రసాన్ని వదిలి సూచన దగ్గరికి చేరింది. సూచన వచ్చినా రసం రాకపోతే, సరిగ్గా ఆ క్షణంలో వాటి చురుకు మామూలు స్థాయి కంటే పడిపోయింది. అంటే ఆశించినదానికీ, దక్కినదానికీ ఉన్న తేడాను డోపమైన్ మెదడుకు నేర్పుతుందన్నమాట. జూదంలో గెలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఈ పాఠం ఎన్నటికీ పూర్తికాదు.

కెంట్ బెరిడ్జ్ అనే మరో శాస్త్రవేత్త పరిశోధన నన్ను మరింత ఆలోచింపజేసింది. డోపమైన్ దాదాపుగా లేకుండా చేసిన ఎలుకలు నోట్లో తీపి పడితే ఆస్వాదించాయి కానీ, ఎదుట తిండి ఉన్నా దాని కోసం కదలలేదు. కోరికకూ సుఖానికీ మెదడులో దారులు వేరని దీనివల్ల తెలిసింది. కాళ్లూ చేతులూ వణికించే పార్కిన్‌సన్స్ వ్యాధికి డోపమైన్‌ను పోలిన మందులు వాడిన కొందరిలో, అంతకుముందు లేని జూదపు వ్యసనం పుట్టి, మందు తగ్గించాక చాలామందిలో సద్దుమణిగింది. ఇక వారి శీలాన్ని నిందించి ఏం ప్రయోజనం?

సూచనకు ఇంత బలం ఉంది కనుకనే, 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు సారా కొట్టును మూయించడం నాకు గొప్ప వివేకంగా కనిపిస్తుంది. మగవాళ్లకు బుద్ధులు చెప్పి ఊరుకోకుండా, కూలి డబ్బుతో ఇంటికి వచ్చే దారిలో కొట్టే కనబడకుండా చేశారు. ఆ ఉద్యమమే పెరిగి పెద్దదై, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందువల్ల డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించండి. మాట్లాడి సలహా తీసుకోవాలనుకుంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉచిత సహాయ నంబరు 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.